మూత తీస్తే తెర వెలుగుతుంది... యాప్ మాత్రం కదలదు

స్లీప్ నుంచి లేచాక బిగుసుకుపోయే ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ ఒక్కటే మందు కాదు. దోషం ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే, ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ ల్యాప్‌టాప్ మూత వేస్తారు. గంట తర్వాత వచ్చి తీస్తే తెర ఠక్కున వెలుగుతుంది. పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటుంది. పొద్దుట తెరిచిన ఎక్సెల్ షీటు అక్కడే ఉంటుంది, క్రోమ్‌లో ట్యాబులన్నీ వరసలోనే ఉంటాయి. కానీ దేన్ని నొక్కినా చలనం ఉండదు. కాసేపటికి విండో తెల్లగా పాలిపోతుంది. పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది. నీలం చక్రం తిరుగుతూనే ఉంటుంది.

పుదుచ్చేరిలో భాగమైన యానాంలో ల్యాప్‌టాప్ ఇప్పుడు సంపన్నుల వస్తువు కాదు. పుదుచ్చేరి ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ప్లస్ వన్, ప్లస్ టూ చదివే పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకం పెట్టింది. కరోనా కాలంలో హైదరాబాద్, బెంగళూరు కంపెనీల ఉద్యోగాలు గోదావరి ఒడ్డున ఇళ్లలోకే వచ్చేశాయి. రొయ్యల చెరువుల లెక్కలు, ధాన్యం వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు చూసే అకౌంటెంట్లకు అది లేకపోతే రోజు గడవదు. ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ పిల్లలతో తెర మీద మాట్లాడుకునే పెద్దవాళ్లూ యానాంలో ఉన్నారు. ఇంతమంది పని ఒక మూత మీద ఆధారపడి ఉంది. ఆ మూత తీసినప్పుడు పని ఆగిపోవడం వాళ్లకు చిన్న చికాకేమీ కాదు.

ఇలా జరిగినప్పుడు వినిపించే సలహాలు అందరికీ తెలిసినవే. ‘పాతదైపోయింది, మార్చెయ్.’ ‘వైరస్ పట్టింది.’ ‘ఫార్మాట్ కొట్టించు.’ సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడకు బస్సెక్కి, డబ్బులిచ్చి, ఫార్మాట్ కొట్టించుకుని వస్తే వారం పది రోజులు బాగానే ఉంటుంది. తర్వాత పాత డ్రైవర్లు, పాత అలవాట్లు, పాత సెట్టింగులతో పాటు పాత జబ్బూ తిరిగొస్తుంది. ఈలోగా పిల్లల ప్రాజెక్టులు, ఇంటి ఫోటోలు పోయి ఉంటాయి. స్లీప్ తర్వాత యాప్‌లు బిగుసుకుపోవడం చాలాసార్లు యంత్రం ముసలిదైనందుకు వచ్చే జబ్బు కాదు. మూత వేసే క్షణంలోనూ తీసే క్షణంలోనూ చిప్, విండోస్, యాప్ అనే మూడు పక్షాల మధ్య కుదరాల్సిన ఒప్పందం కుదరకపోవడం అది. ఏ పక్షం తప్పిందో తెలిస్తే మందు సులువు.

మూత వేసిన ఆ రెండు సెకన్లలో

మూత పడగానే విండోస్ నడుస్తున్న ప్రోగ్రాములన్నిటికీ ఒక కబురు పంపుతుంది: నిద్రకు వెళుతున్నాం, సర్దుకోండి. సర్దుకోవడానికి ఇచ్చే గడువు దాదాపు రెండు సెకన్లు. ఫైలు రాస్తూ ఉంటే రాయడం ముగించాలి, నెట్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటే సంభాషణ కట్టేయాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక ప్రోగ్రాము ‘ఇప్పుడు కుదరదు’ అని నిద్రను అడ్డుకోగలిగేది. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి ఆ హక్కు తీసేశారు. మూత వేసిన ల్యాప్‌టాప్ సంచిలో మేలుకునే ఉండి, వేడెక్కి, బ్యాటరీ ఖాళీ చేసుకోవడం అప్పట్లో పెద్ద ఫిర్యాదు కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. అయితే సర్దుకోకుండానే నిద్రలోకి నెట్టబడే ప్రోగ్రాములు అప్పటి నుంచి పెరిగాయి.

పాత పద్ధతి నిద్రలో ప్రాసెసర్, డిస్కు, తెర అన్నీ ఆగిపోతాయి. ర్యామ్‌కు మాత్రం పిసరంత కరెంటు అందుతుంది. ర్యామ్‌లోని అక్షరాలు వాటంతటవి నిలవవు. సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి వాటిని మళ్లీ నింపుతూ ఉండాలి. మీరు భోజనం చేసే గంటసేపూ ఆ చిప్ చేసేది ఆ పనే. ప్రోగ్రాము ఏ మెట్టు మీద ఆగిందో అదే మెట్టు మీద, ఆ క్షణంలోని ఊహలన్నిటితో సహా నిలిచిపోయి ఉంటుంది. నెట్ ఉందని, బయటి డిస్కు తగిలించి ఉందని, టైము ఒంటిగంట అయిందని అది నమ్ముతూ ఉంటుంది. మూత తీశాక అక్కడి నుంచే కొనసాగుతుంది. ఈలోపు లోకం మారిపోయిందని దానికి ఎవరైనా చెప్పాలి, లేదా అదే కనుక్కోవాలి. బిగుసుకుపోయే యాప్‌లన్నీ ఇక్కడే బోల్తా పడతాయి.

ఈ నిద్రకు ముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. అందులో పెత్తనమంతా మదర్‌బోర్డు మీదుండే బయోస్‌ది. చాలాసార్లు విండోస్‌కు తెలియకుండానే యంత్రం నిద్రపోయేది.  1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త ప్రమాణం ప్రకటించాయి. పెత్తనం బయోస్ చేతుల్లోంచి విండోస్ చేతుల్లోకి వచ్చింది. నిద్రకు ఎస్1 నుంచి ఎస్4 దాకా మెట్లు వచ్చాయి. మనం ఇన్నాళ్లూ స్లీప్ అని వాడింది మూడో మెట్టు, ఎస్3. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి కరెంటు పూర్తిగా ఆపేసే హైబర్నేట్ నాలుగోది, ఎస్4.

తర్వాత మొబైల్ ఫోన్లు వచ్చాయి. ఫోను జేబులో ఉన్నా మెసేజ్ అందుకుంటుంది కదా, ల్యాప్‌టాప్ ఎందుకు అందుకోకూడదని మైక్రోసాఫ్ట్ అనుకుంది. 2012లో విండోస్ 8తో ఒక రూపంలో, 2015లో విండోస్ 10తో ‘మోడర్న్ స్టాండ్‌బై’ పేరుతో మరో రూపంలో కొత్త నిద్ర వచ్చింది. ఇందులో యంత్రం పూర్తిగా నిద్రపోదు. తెర ఆరుతుంది, చిప్ అతి తక్కువ కరెంటుకు దిగుతుంది, మధ్యమధ్య లేచి మెయిల్ చూస్తుంది, అప్‌డేట్ దించుతుంది, మళ్లీ పడుకుంటుంది. 2020లో ఇంటెల్ 11వ తరం చిప్‌లు వచ్చాక చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో పాత ఎస్3 నిద్ర అసలు కనిపించడమే మానేసింది. మీరు మూత వేసింది నిద్ర పుచ్చడానికే అయినా మీ యంత్రం దాన్ని తెర ఆర్పమన్న మాటగానే తీసుకుంటుంది. మే నెల ఉక్కపోతలో ఆ ల్యాప్‌టాప్‌ను సంచిలో దూర్చి బస్సెక్కితే లోపల అది లేచి పనిచేసే అవకాశం ఉంది. ఫ్యాను గాలికి దారి ఉండదు.

మీది ఏ తరం నిద్రో తెలుసుకోవడం కష్టం కాదు. స్టార్ట్ నొక్కి, సీఎండీ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు కొడితే నల్ల పెట్టె తెరుచుకుంటుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, ఏ కొట్టి ఎంటర్ నొక్కండి. మీ యంత్రానికి చేతనైన నిద్రలను పైన, చేతకానివాటిని కింద వరసగా చెబుతుంది. పై జాబితాలో ఎస్3 కనిపిస్తే పాత తరం. ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ కనిపిస్తే కొత్త తరం. ఈ కథనంలో తర్వాత వచ్చే చికిత్సలు కొన్ని ఆ జవాబును బట్టే ఉంటాయి.

పంటు వెళ్లిపోయినా రేవులోనే

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే కారణం నెట్‌వర్క్. యాప్ నిద్రపోయే ముందు ఎక్కడో సర్వర్‌తో ఒక లంకె కలుపుకుని ఉంటుంది. గంటసేపు ఇటు నుంచి పలుకు లేకపోతే సర్వర్ ఆ లంకె తెంపేస్తుంది. మన ఇంట్లో రౌటర్ కూడా దాన్ని మరిచిపోతుంది. తెంపినట్టు చెప్పే కబురు వచ్చిన వేళకు ల్యాప్‌టాప్ నిద్రలో ఉంటుంది. బాలయోగి వారధి కట్టకముందు యానాం నుంచి ఎదుర్లంకకు గోదావరి దాటాలంటే పంటే గతి. టికెట్టు చేత్తో పట్టుకుని రేవులో కునుకు తీసినవాడు, పంటు అవతలి ఒడ్డు చేరాక లేచి, అదింకా బయల్దేరలేదనుకుని అక్కడే నిలబడితే ఎలా ఉంటుందో యాప్ పరిస్థితి అది. చచ్చిన లంకె మీద కబురు పంపుతుంది, జవాబు రాదు, మళ్లీ పంపుతుంది. ఆశ వదులుకోవడానికి కొన్ని సెకన్ల నుంచి నిమిషం పైదాకా పడుతుంది.

ఎదురు చూడటం తప్పు కాదు. ఎదురు చూస్తూ మిగతా పనులన్నీ ఆపేయడం తప్పు. బాగా రాసిన యాప్‌లో నెట్ కోసం వేచి ఉండే పని వెనకవైపు ఒక పాయలో జరుగుతుంది, మీ నొక్కుళ్లకు పలికే పని మరో పాయలో జరుగుతుంది. హడావిడిగా రాసిన యాప్‌లో రెండూ ఒకటే పాయ. అది సర్వర్ కోసం ఆగితే మౌస్ నొక్కుడుకూ పలకదు. ఐదు సెకన్లు పలక్కపోతే విండోస్ ఆ విండో స్థానంలో దాని బొమ్మను నిలబెట్టి ‘నాట్ రెస్పాండింగ్’ అని రాస్తుంది. ఆ మాట చూసి యాప్ చచ్చిపోయిందనుకోవద్దు. ఐదు సెకన్లుగా జవాబివ్వలేదన్నంత వరకే దాని అర్థం. సేవ్ చేయని ఎక్సెల్ షీటు ఉన్నవాళ్లు కనీసం రెండు నిమిషాలు ఆగాలి. తొందరపడి ఎండ్ టాస్క్ కొడితే, ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి దాచేది కాబట్టి, చివరి పది నిమిషాల పని పోవచ్చు.

మన ఊళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, వైఫై పెట్టెకు ఉండదు. కరెంటు తిరిగొచ్చాక ఆ పెట్టె లేచి నెట్ పట్టుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. మూత తీస్తే తెర రెండు సెకన్లలో సిద్ధం. ఆ మధ్య కాలమంతా టీమ్స్, వన్‌డ్రైవ్, ఆఫీసు వీపీఎన్ గోడకు తల బాదుకుంటూ ఉంటాయి. పొద్దుట ఇంటి వైఫై మీద పనిచేసి మధ్యాహ్నం ఫోను హాట్‌స్పాట్‌కు మారినా అంతే. ల్యాప్‌టాప్‌కు కొత్త చిరునామా వస్తుంది, పాత చిరునామా మీద కలిపిన లంకెలన్నీ ఒక్కసారిగా చెడతాయి. రౌటర్‌కు ఒక చిన్న బ్యాకప్ యూనిట్ కొనుక్కుంటే ఈ తంటా సగం తీరుతుంది. కొత్త ల్యాప్‌టాప్ కోసం దాచిన డబ్బులో పిసరు దీనికి పెట్టడం మేలని నా అభిప్రాయం.

రెండో కారణం గడియారం. ‘30 సెకన్లలో జవాబు రాకపోతే వదిలెయ్’ అని యాప్ లెక్క పెట్టుకుంటుంది. నిద్రపోయిన గంటను ఆ లెక్కలో కలపాలా వద్దా? ఈ ప్రశ్న దగ్గర ప్రపంచంలో ఉద్దండులైన ప్రోగ్రామర్లు కూడా దెబ్బతిన్నారు. 2018లో లినక్స్ కెర్నల్ 4.17 తయారవుతున్నప్పుడు, నిద్ర కాలాన్ని లెక్కించని గడియారాన్నీ లెక్కించే గడియారాన్నీ ఒకటిగా కలిపేశారు. నిద్ర లేవగానే నిఘా ప్రోగ్రాము ‘ఈ సేవలు ఇంతసేపు పలకలేదేమిటి’ అని వాటిని చంపేయడం మొదలుపెట్టింది. కొన్ని యంత్రాల్లో లేవగానే స్క్రీన్‌సేవర్ వచ్చి పడింది. ఒకచోట యంత్రం మొత్తం బిగుసుకుపోయింది. ఆ ఏప్రిల్‌లోనే మార్పును వెనక్కి తీసుకున్నారు. గడియారం ఒక గంట ముందుకు దూకడాన్ని తట్టుకోలేని ప్రోగ్రాములు ఇప్పటికీ ఉన్నాయనడానికి అదొక్కటే సాక్ష్యం చాలు.

మూడోది గ్రాఫిక్స్ డ్రైవర్. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లే కాదు, టీమ్స్, స్లాక్, వీఎస్ కోడ్ లోపల కూడా క్రోమియం బ్రౌజరు ఇంజనే ఉంటుంది. అవన్నీ బొమ్మలు గీయడానికి గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకుంటాయి. నిద్ర లేచాక ఆ చిప్‌ను మళ్లీ నిలబెట్టాల్సిన పని డ్రైవర్‌ది. అది తడబడితే ఈ యాప్‌లన్నీ ఒకేసారి తెల్లబోతాయి, నోట్‌ప్యాడ్ మాత్రం హాయిగా పనిచేస్తుంది. చిప్ రెండు సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని తానే రీసెట్ చేస్తుంది. ఆ రీసెట్‌ను కొన్ని యాప్‌లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు.

డ్రైవర్ అంటే విండోస్ గర్భగుడిలో నడిచే ప్రోగ్రాము. అక్కడ తప్పు జరిగితే బయట ఎంత మంచి యాప్ ఉన్నా లాభం లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ దాని డ్రైవర్‌ను పడగొట్టినప్పుడు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది స్లీప్ సమస్య కాదు. కానీ డ్రైవర్ల విషయంలో అశ్రద్ధ ఎంత దూరం పోతుందో అంతకంటే బాగా చెప్పే ఉదంతం లేదు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. యూఎస్‌బీకి తగిలించిన పాత హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దానికోసం ఆగుతుంది. ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ మ్యాప్ చేసి ఉంటే ఇంట్లో అది ఎప్పటికీ దొరకదు. రిటర్నులు వేసేవాళ్ల డిజిటల్ సంతకం టోకెన్ నిద్ర తర్వాత తిరిగి కనబడకపోతే సంతకం దగ్గర పోర్టల్ ఆగిపోతుంది. టోకెన్ తీసి మళ్లీ పెట్టడమే వైద్యం. ర్యామ్ 4 జీబీ ఉన్న యంత్రంలో యాప్‌ల సామాను సగం డిస్కు మీద ఉంటుంది కాబట్టి లేవగానే అంతా ఒకేసారి వెనక్కి తెచ్చుకోవాలి. అప్పుడు కనిపించేది నిజంగా బిగుసుకుపోవడం కాదు, ఆయాసం.

బిగుసుకున్నప్పుడు ఏం చూడాలి

పవర్ బటన్ మీద వేలు పెట్టకముందు ఒక నిమిషం పరిశీలించండి. క్యాప్స్‌లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? వెలుగుతుంటే యంత్రం బతికే ఉంది, ఇబ్బంది పైపొరలో ఉంది. దీపం కూడా పలక్కపోతే, మౌస్ బాణమూ కదలకపోతే, అది డ్రైవర్ లేదా బయోస్ వ్యవహారం. అప్పుడు మాత్రమే పవర్ బటన్ పది సెకన్లు పైగా నొక్కి పట్టడం తప్పదు.

ఒకటే యాప్ ఆగిందా, అన్నీ ఆగాయా? నెట్‌తో పనున్న యాప్‌లే ఆగితే కింద మూలన వైఫై ఆపి మళ్లీ వేయండి. వెంటనే ప్రాణం వస్తే దొంగ దొరికినట్టే. తెర నల్లబడినా, బొమ్మలు గీసే యాప్‌లన్నీ తెల్లబోయినా విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్కసారి ఆరి వెలుగుతుంది. విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టిందన్నమాట. తెరిచిన పనులకు మామూలుగా ఏ నష్టమూ ఉండదు. దాంతో బాగుపడితే తప్పు గ్రాఫిక్స్‌ది. ఈ నాలుగు మీటల సంగతి చాలామందికి తెలియదు, తెలిసి ఉంటే ఎన్నో ఫార్మాట్లు తప్పేవి.

టాస్క్‌బారే పలక్కపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద మౌస్ కుడి మీట నొక్కి రీస్టార్ట్ ఇవ్వండి. డిస్క్ అంకె నూరు శాతం దగ్గర నిలబడి ఉంటే ఓపిక పట్టండి, అది పని చేస్తోంది. మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ మీటలు అలాంటి జాబితా చూపిస్తాయి.

తర్వాత తీరిగ్గా స్టార్ట్‌లో ఇంగ్లిషులో రిలయబిలిటీ అని వెతికితే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. రోజువారీగా ఏ యాప్ ఎప్పుడు ఆగిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. మూత తీసిన వేళకు ఏ పేరు మళ్లీ మళ్లీ పడుతోందో చూడండి. హార్డ్‌వేర్ ఎర్రర్ కింద ‘లైవ్‌కెర్నల్ ఈవెంట్’ అని, దాని వివరాల్లో 141 లేదా 117 అంకె కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్ గడువులోగా పలకలేదని అర్థం. రిపేరు షాపుకు వెళ్లాల్సి వస్తే ఈ పేజీని ఫోనుతో ఫోటో తీసుకుని వెళ్లండి.

షట్‌డౌన్ చేసినా తాజాగా మొదలవదు

మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు షట్‌డౌన్ చేసే అలవాటు ఉంది. మంచి అలవాటే. కానీ విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ చేసినప్పుడు మన యాప్‌లు మూతపడతాయి గానీ, విండోస్ తన మూలభాగాన్ని, డ్రైవర్లతో సహా డిస్కు మీద దాచుకుని పొద్దున్నే అదే తిరిగి తెస్తుంది. తడబడిన డ్రైవర్ రోజుల తరబడి అదే తడబాటుతో బతుకుతుంది. నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, సీపీయూ కింద ‘అప్ టైమ్’ చూడండి. రోజూ షట్‌డౌన్ చేసే యంత్రంలో కూడా ఎన్నో రోజులుగా నడుస్తున్నట్టు కనిపించవచ్చు. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. వారానికి రెండుసార్లు రీస్టార్ట్ చేయడం, ఖర్చు లేని మందుల్లో మొదటిది.

ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయడం ఇంకా మంచిది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’, ఆపైన బూడిద రంగులో ఉన్న సెట్టింగులను తెరిచే లింకు. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేయండి. అదే పేజీలో హైబర్నేట్ ముందు టిక్ పెట్టండి. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌కు తేడా కొద్ది సెకన్లే.

ఇక డ్రైవర్లు. గ్రాఫిక్స్, వైఫై, బయోస్ ఈ మూడూ మీ ల్యాప్‌టాప్ తయారు చేసిన కంపెనీ సైటు నుంచి, మీ మోడల్ నంబరుతో వెతికి దించుకోండి. ‘డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో’ అని చెప్పే ప్రకటనల సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. బయోస్ అప్‌డేట్ పెట్టేటప్పుడు ఛార్జరు తగిలించి, బ్యాటరీ నిండుగా ఉంచి, మధ్యలో దేన్నీ తాకకుండా ఉండాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున ఆ పని పెట్టుకోవద్దు. క్రోమ్ మాత్రమే తెల్లబోతుంటే దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి కొన్ని రోజులు చూడండి. వీడియోకు కాస్త బరువు పెరుగుతుంది, కానీ దోషం ఎక్కడుందో తేలుతుంది.

వైఫై నిద్ర తర్వాత లేవకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ‘కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అనే టిక్ తీసేయమని ఒక పాత సలహా ఉంది. ఎస్3 తరం యంత్రాల్లో అది ఇప్పటికీ పనిచేస్తుంది. కొత్త తరంలో ఆ పేజీయే కనిపించకపోవచ్చు, మీ తప్పేమీ లేదు. రిజిస్ట్రీలో ఏదో అంకె మార్చి కొత్త ల్యాప్‌టాప్‌లో పాత నిద్రను తెప్పిస్తామని చెప్పేవాళ్లున్నారు. చిప్, బయోస్ రెండింటికీ ఎస్3 చేతకాని చోట ఆ చిట్కా వాడితే మూత వేసిన యంత్రం మళ్లీ లేవకపోయే ప్రమాదం ఉంది. నేనైతే ఎవరికీ చెప్పను.

నేను గట్టిగా చెప్పే మాట హైబర్నేట్ గురించి. టీ తాగి వచ్చేంత సేపటికైతే స్లీప్ చాలు. గంట దాటే విరామానికి, సంచిలో పెట్టే ప్రయాణానికి, రాత్రికి హైబర్నేటే పెట్టుకోవాలి. అదే పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా అమర్చవచ్చు. ర్యామ్‌లోని పనంతా డిస్కు మీదకు చేరి, కరెంటు పూర్తిగా ఆగుతుంది. బ్యాటరీ కరగదు, సంచిలో వేడెక్కదు, కరెంటు పోయినా పని పోదు. లేచేటప్పుడు పరికరాలను కొత్తగా పలకరించుకుంటుంది కాబట్టి డ్రైవర్ల తడబాటు తక్కువ. నెట్ లంకెల సమస్య మాత్రం దీంతోనూ పోదు. అందుకని మూత వేసే ముందు సేవ్ కొట్టడం, వీపీఎన్ తెంపడం, బయటి డిస్కు తీసేయడం మానొద్దు. హార్డ్ డిస్కు మీద నడిచే పాత ల్యాప్‌టాప్‌లో హైబర్నేట్ నెమ్మదిగా లేస్తుంది. అలాంటి దానికి ఎస్ఎస్‌డీ వేయించడం కొత్తది కొనడం కంటే చాలా చవక.

విండోస్ 10 వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంపెనీలు పాత యంత్రాలకు డ్రైవర్లు సరిచేసి పంపడం కూడా తగ్గుతూ పోతుంది. అలాంటి యంత్రంలో స్లీప్‌తో కుస్తీ పట్టకుండా నేరుగా హైబర్నేట్‌కు మారిపోవడమే తెలివైన పని.

ఇందులో వాడుకునేవాళ్ల తప్పు ఎంత? చాలా తక్కువ. మూత వేసి తీయడం ల్యాప్‌టాప్‌తో మనిషి చేసే అతి సహజమైన పని. అది సరిగ్గా జరిగేలా చూడాల్సింది చిప్ చేసేవాళ్లు, విండోస్ రాసేవాళ్లు, యాప్ రాసేవాళ్లు. వాళ్లలో మనవాళ్లు ఎంతమందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 1998 నుంచి హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం నడుపుతోంది. 2014 నుంచి ఆ సంస్థను నడిపిస్తున్న సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారే. కోనసీమ, కాకినాడ, యానాం ఇళ్ల నుంచి వెళ్లిన ఇంజనీర్లు ప్రపంచమంతటా యాప్‌లు రాస్తున్నారు.

వాళ్లకు ఒక విన్నపం. మీరు రాసిన యాప్‌ను ఆఫీసు నెట్ మీద, ఛార్జరు తగిలించిన యంత్రం మీద పరీక్షించి ఊరుకోకండి. ఈసారి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు దాన్ని తెరిచి ఉంచి ల్యాప్‌టాప్ మూత వేయండి. ఎనిమిది గంటల తర్వాత, వైఫై బదులు ఫోను హాట్‌స్పాట్ మీద తెరవండి. అది పలికితేనే విడుదల చేయండి. రిపేరు షాపులు నడిపే మిత్రులకు కూడా ఒక మాట: ఫార్మాట్ కొట్టే ముందు రిలయబిలిటీ పేజీ ఒక్కసారి తెరిచి చూడండి, పిల్లల ఫైళ్లు ముందు వేరే డిస్కులోకి తీసి పెట్టండి.